ఫెయిలా, ఫ్లాపా?

పొద్దున్నే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లా. చామంతి మూట విప్పితే అడుగు పూలన్నీ కమిలి, చెమ్మకి ముద్దయిపోయి ఉన్నాయి. "చామంతి ఖరాబైంది అన్నా. బంతి మంచిగనే ఉంది గానీ ఈసారి ఫ్లాప్" అన్నాడు అమ్మే కుర్రాడు.

ఫెయిల్ అనలేదు చూడండి! ఫెయిలయ్యేది పరీక్షలో మనిషి, లేదంటే బండికి బ్రేకు. ఫ్లాప్ అంటే సరుకుంది, జనం రాలేదు. 2010లో 'ఖలేజా' సినిమా ఫ్లాపే. తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ కదలకుండా చూశాం. ఇంటర్ ఫెయిలైతే మాత్రం సప్లిమెంటరీ రాయాల్సిందే, ఎవరూ ముచ్చటపడరు (అనుభవం!).

మరి 'ఖరాబ్'కి ఇంగ్లీషులో ఏమనాలి? ఇంటిదాకా ఆలోచించినా తట్టలేదు. అన్నట్టు, ఆ ఫ్లాప్ బంతి రెండు కిలోలు తెచ్చా.