రెండు గడపలు

రెండేళ్ళ క్రిందట ఒకనాటి సాయంకాలం నా పూర్వ విద్యార్థిని ఒకామె మా ఇంటికి వచ్చింది. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకొని, తరువాత సమాజ సేవాశాస్త్రంలో పట్టం పొంది, దత్తత వెళ్ళిన పిల్లలకూ వారి జన్మకుటుంబాలకూ మధ్య ఉండే సంబంధాలపై ఆమె పరిశోధన చేస్తున్నది. “మాస్టారూ, మీరు పెంపకం వచ్చినవారని మా నాన్నగారు చెప్పారు. అభ్యంతరం లేకపోతే ఈ ప్రశ్నావళి పూర్తిచేసి ఇస్తారా?” అని సంకోచిస్తూనే నాలుగు కాగితాలు నా ముందు ఉంచింది.

పేరు, వయస్సు, దత్తత జరిగిన సంవత్సరం వంటి మొదటి ప్రశ్నలకు జవాబులు సులువుగానే వ్రాశాను. ఏడవ ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. “జన్మకుటుంబంతో మీకు సంబంధం ఉందా? ఉంది / లేదు.” ఆ రెండు గళ్ళలో దేనిలో గుర్తు పెట్టాలో నాకు తెలియలేదు. పాఠం చెప్పేటప్పుడు తడుముకోని నేను, నా సొంత జీవితాన్ని గురించిన ఒక చిన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. “వారం రోజులు గడువు ఇవ్వమ్మా” అని ఆమెను పంపివేశాను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో నన్ను కన్న తండ్రి ఒకరు. అప్పటికి నాకు మూడేళ్ళు దాటాయి. మా అన్నలిద్దరికీ తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. ఇల్లు లేదు, గొడ్డూ గోదా లేవు, పొలమంతా ఉప్పునీరు. గుడివాడలో ఉండే మా అమ్మ అక్కగారికి పిల్లలు లేరు. మరుసటి ఏడు వేసవిలో నేను ఆ ఇంటికి దత్తు వెళ్ళాను. అప్పటినుంచి పెద్దమ్మ నాకు అమ్మ అయింది. అమ్మ పిన్ని అయింది.

మన భాషలోని బంధువాచకాలు ఎంత దయగలవో నాకు చాలాకాలం తరువాత గాని బోధపడలేదు. పిన్ని అంటే పినతల్లి. ఆ పదంలోనే తల్లి ఉన్నది. తల్లి అక్కచెల్లెళ్ళ బిడ్డలు మనకు అన్నదమ్ములే. కాబట్టి అన్నలను నేను అన్నలనే పిలిచాను. ఎవరూ అబద్ధం ఆడలేదు. అలాగని ఎవరూ నిజమూ చెప్పలేదు.

ఏటా కనుమ మరునాడు పిన్ని మా ఇంటికి వచ్చేది. పండుగ మూడు రోజులూ తన దగ్గరున్న పిల్లలిద్దరికీ వండి పెట్టి, ఆ తరువాత ఒక్కతే బస్సులో బయలుదేరేది. అరిసెలు, కొబ్బరిలౌజు తెచ్చేది. నా తల నిమిరి, “ఏం చదువుతున్నావు నాయనా?” అని అడిగేది. సాయంత్రం ఆఖరి బస్సుకు వెళ్ళిపోయేది. అంతే.

నేను ఆరవ తరగతిలో ఉండగా ఒక పెళ్ళిలో దూరపు బంధువు ఒకామె నన్ను చూపించి, “పాపం, ఉప్పెనలో తండ్రి పోయిన పిల్లవాడు వీడేనా?” అని ప్రక్కావిడను అడిగింది. ఇంటికి రాగానే అమ్మను నిలదీశాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నది. చేతులు ఆగాయి. కొంతసేపటికి, “ఆకలేస్తోందా? అన్నం పెట్టనా?” అన్నది. నాన్నగారు మాత్రం, “నువ్వు మా పిల్లవాడివి. ఇంక ఆ మాట ఎత్తకు” అన్నారు. నేను ఎత్తలేదు. ఆ సంక్రాంతికి పిన్ని వచ్చేవేళకు స్నేహితుని ఇంటికి వెళ్ళి, చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. వంటింట్లో పళ్ళెం క్రింద మూతవేసిన అరిసెలు ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. ముగ్గురిలో నన్నే ఎందుకు ఇచ్చివేసింది? ఈ ప్రశ్నను నలభై ఏళ్ళు మోశాను. ఎన్నడూ అడగలేదు.

పెద్దవాడనై, తిక్కనగారి ఉద్యోగపర్వంలోని స్త్రీపాత్రలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాను. ఆ గ్రంథంలో కుంతిని గురించి ఒక అధ్యాయమంతా వ్రాశాను. గంగ ఒడ్డున ఆమె కర్ణుని కలుసుకొన్న ఘట్టాన్ని ఎన్ని కోణాల నుంచి పరిశీలించానో చెప్పలేను. పెట్టెలో పెట్టి నదిలో విడిచిన బిడ్డ అంగదేశంలో సూతుని ఇంట పెరుగుతున్నాడని కుంతి చారుల ద్వారా తెలుసుకొన్నదని వ్యాసభారతం చెబుతున్నది. అంటే ఆమెకు బిడ్డ జాడ తెలుసు. బిడ్డకు ఆమె జాడ తెలియదు. తెలిసే సమయానికి యుద్ధం ముంచుకొచ్చింది. తన జన్మరహస్యాన్ని కృష్ణుడు చెప్పినప్పుడు కర్ణుడు అధిరథుని, రాధను తలచుకొన్నాడు. తనను చూడగానే రాధకు స్తన్యం పొంగిందని చెప్పుకొన్నాడు. ఇంత తెలిసిన నేను, రాధను గురించి నా గ్రంథంలో ఒక్క పేరా కూడా వ్రాయలేదు. కుంతిని విచారించడంలోనే మునిగిపోయాను. ఎవరి మీది కోపంతో ఆ పుటలు నింపానో ఇప్పుడు తలచుకొంటే సిగ్గువేస్తుంది.

ఆ వారం రోజులలో నా విద్యార్థిని ఇచ్చి వెళ్ళిన మరికొన్ని వ్యాసాలు చదివాను. మన పురాణాలు కథగా చెప్పిన విషయాన్ని ఇతర దేశాల పండితులు ఎంతో శ్రద్ధగా పరిశోధించారు. 1964లో డేవిడ్ కిర్క్ అనే సామాజిక శాస్త్రవేత్త, దత్తకుటుంబాలు కన్నకుటుంబాలకు తాము భిన్నం కామని నటించడం కంటే ఆ భేదాన్ని అంగీకరించడమే మేలని ప్రతిపాదించాడు. ఆయన స్వయంగా దత్తత తీసుకొన్న తండ్రి. స్కాట్లండ్‌లో పెరిగి పెద్దవారైన దత్తపుత్రులు తమ జననపత్రాలను చూసుకొనే హక్కు 1930 నుంచీ ఉన్నది. అలా వెదుక్కొంటూ వచ్చినవారితో మాట్లాడి జాన్ ట్రైసిలియోటిస్ 1973లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆలస్యంగా, పరాయివారి నోట నిజం తెలుసుకొన్నవారి వేదన అందులో కనబడుతుంది. ఆ పుటలు చదువుతూంటే నాకు ఆనాటి పెళ్ళిపందిరి గుర్తుకు వచ్చింది.

అమెరికాలో గ్రోటెవాంట్, మెక్‌రాయ్ అనే ఆచార్యులు 1980ల నడుమ నుంచి 190 దత్తకుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించారు. కన్నవారితో రాకపోకలు ఉంటే పిల్లలు తమ తల్లిదండ్రులెవరో తెలియక తికమకపడతారన్న భయానికి ఆధారం లేదని వారు తేల్చారు. డేవిడ్ బ్రాడ్జిన్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొక మెలకువ చెప్పాడు. రాకపోకలు వేరు, మనసు విప్పి మాట్లాడుకోవడం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. ఈ వాక్యం దగ్గర నా ఏడవ ప్రశ్నకు చిక్కుముడి ఎక్కడ పడిందో అర్థమయింది. మా ఇంట రాకపోకలు ఉన్నాయి. మాటే లేదు.

మన దేశపు చట్టం కూడా ఈ విషయంలో చాలా దూరం నడిచింది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, దత్తు వెళ్ళిన క్షణంనుంచి బిడ్డకు పుట్టింటి బంధాలన్నీ తెగిపోతాయి. అయితే పుట్టింటి వరుసను బట్టి పెళ్ళాడరానివారిని ఆ తరువాతా పెళ్ళాడరాదని అదే చట్టం అంటుంది. పూర్తిగా తెంచలేని దారం ఒకటి ఉన్నదని చట్టానికీ తెలుసునన్నమాట. 2022 నాటి దత్తత నిబంధనలు పద్ధెనిమిదేళ్ళు నిండిన దత్తబిడ్డకు తన మూలాలను తెలుసుకొనేందుకు దరఖాస్తు చేసుకొనే అవకాశం ఇస్తున్నాయి. తమ వివరాలు గోప్యంగా ఉంచమని కన్నవారు కోరి ఉంటే వారి సమ్మతి తీసుకోవాలి. ఇద్దరి మర్యాదనూ కాపాడే ఏర్పాటు ఇది. అయితే దారి చూపే కాగితాలే లేనివారి మాట ఏమిటి? 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో కొన్ని దత్తత కేంద్రాల వ్యవహారాలు బయటపడినప్పుడు, లంబాడా తండాలలోని పేద తల్లుల వద్ద డబ్బిచ్చి ఆడశిశువులను తెచ్చిన వైనం లోకానికి తెలిసింది. అటువంటి బిడ్డకు ఏడవ ప్రశ్న ఎంత క్రూరమైనదో కదా! ఆ తలంపుతోనే, అడగడానికి మనిషి ఉండీ అడగని నా మౌనం నాకు తప్పుగా తోచింది.

ఆ ఆదివారం అవనిగడ్డకు వెళ్ళాను. డెబ్బై అయిదేళ్ళు దాటిన పిన్ని పెద్దన్నయ్య దగ్గర ఉంటున్నది. అరుగుమీద ఆమె ప్రక్కన కూర్చొని, “పిన్నీ, ముగ్గురిలో నన్నే ఎందుకు ఇచ్చావు?” అని అడిగాను. ఆమె చాలాసేపు నా ముఖం వంక చూసింది. “నాయనా, ఉప్పెన తరువాత శిబిరంలో అన్నం పెట్టేవారు. మీ అన్నలిద్దరూ నా చేతి ముద్ద తప్ప ఎవరిదీ తినేవారు కాదు. నువ్వొక్కడివే ఎవరి చేతిముద్దయినా తినేవాడివి. ఎక్కడున్నా బ్రతుకుతావనుకున్నాను” అన్నది.

లోపలికి వెళ్ళి ఒక తగరపు డబ్బా తెచ్చింది. అందులో తపాలా కార్డులు. అన్నీ మా అమ్మ దస్తూరీ. ప్రతి ఏటా సంక్రాంతికి ముందు వ్రాసినవి. “వాడు పరీక్ష ప్యాసయ్యాడు. పండుగ వెళ్ళగానే వచ్చి చూసిపో.” “కిందటేడు వాడు కనబడలేదని మానుకోకు. నువ్వు రావాలి.” పిన్నికి చదువు రాదు. అమ్మ చనిపోయి అప్పటికి పుష్కరం దాటింది. చేటలో బియ్యం చెరుగుతూ ఏమీ చెప్పని మనిషి, ఇన్నేళ్ళూ తలుపు మూసుకుపోకుండా పట్టుకొని నిలబడిందని నాకు ఆనాడు తెలిసింది.

“ఆ కార్డులు అమ్మకు చదివి వినిపించింది నేనే” అన్నాడు అన్నయ్య, గుమ్మంలో నిలబడి. “ఊళ్ళో పనికి పోయి వచ్చి, దీపం దగ్గర కూర్చుని నీ మార్కులు చదివేవాణ్ణి. నన్నెందుకు ఇచ్చావని నువ్వు అడుగుతున్నావు తమ్ముడూ. నన్నెందుకు ఇవ్వలేదని నేను ఏనాడూ అడగలేదు.” ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నలభై ఏళ్ళుగా నా గాయమొక్కటే చూసుకొన్నాను. ఆ ఉప్పెన ముగ్గురి మీదుగానూ వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనాల వేళ పిన్ని ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. తిన్నాను. నేను ఆమెను అమ్మా అని పిలవలేదు. ఆమె కోరనూ లేదు. కోరి ఉంటే నేను ఏం చేసి ఉండేవాడినో నాకు తెలియదు. అయితే ఇప్పుడు నెలకొకసారి వెళ్ళి వస్తున్నాను. ఉప్పెననాటి సంగతులు, నన్ను కన్న తండ్రి పాడిన పాటల సంగతులు ఆమె చెబుతుంది, నేను వింటాను.

భాగవత దశమస్కంధంలో, సూర్యగ్రహణ సమయాన కురుక్షేత్రంలో దేవకి యశోదను కౌగిలించుకొని కంటతడి పెట్టుకొనే ఘట్టం ఉన్నది. ఎన్నోసార్లు పాఠం చెప్పినా, ఆ ఇద్దరు తల్లుల నడుమ జరిగినది కేవలం మర్యాద అనుకొన్నాను. తపాలా కార్డులు చదివాక ఆ ఘట్టం నాకు వేరుగా వినబడుతున్నది. కర్ణుని కథ చెప్పేటప్పుడు కూడా ఇప్పుడు కుంతి దగ్గర ఆగిపోవడం లేదు. రాధ దాకా వెళ్ళి, విద్యార్థులను ఆమె వైపునుంచి ఆలోచించమంటున్నాను. అలా అడిగిన ప్రతిసారీ తరగతిలో ఒకరిద్దరు తల వంచుకొంటారు. వారిని నేను ప్రశ్న అడగను. తరగతి ముగిసిన తరువాత వారు వచ్చి మాట్లాడితే మాత్రం తొందరపడకుండా వింటాను.

వారం గడిచాక నా విద్యార్థిని వచ్చింది. ఏడవ ప్రశ్నకు నేను ఏ గడిలోనూ గుర్తు పెట్టలేదు. ప్రక్కన ఖాళీలో ఇలా వ్రాశాను: “రాకపోకలు మొదటినుంచీ ఉన్నాయి. మాటలు పోయిన ఆదివారం మొదలయ్యాయి.” ఆమె అది చదివి, “మాస్టారూ, ఈ ప్రశ్నను మార్చాలండీ” అన్నది. “మార్చమ్మా. తల్లిని అడిగినట్లే అన్నదమ్ములను కూడా అడిగే ప్రశ్న ఒకటి చేర్చు” అన్నాను.