పన్నెండు మీటర్ల లోతున ఈస్ట్‌మన్ కలర్!

సముద్రం అడుగున పాట అనగానే మనకి గుర్తొచ్చేది గాజు తొట్టె, దాని వెనక నీలం లైటు, హీరోయిన్ చుట్టూ బుడగలు! అసలు సముద్రం అడుగు ఎలా ఉంటుందో తెర మీద లోకానికి చూపించినవాడు ఫ్రాన్సు దేశపు జాక్ కూస్తో. 1943లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి, వీపున గాలి సిలిండరు కట్టుకుని చేపలా ఈదే పరికరం తయారుచేశాడు. 1956లో లూయీ మాల్‌తో కలిసి తీసిన 'ది సైలెంట్ వరల్డ్' కేన్స్‌లో పెద్ద బహుమతీ, ఆ పైన ఆస్కారూ కొట్టేసింది.

ఆ కూస్తోగారి పరికరం తగిలించుకుని నీళ్ళలో దూకాలని నేను అండమాన్ బయల్దేరాను. మాది నారాయణఖేడ్. అటు బీదరు, ఇటు మంజీర. మా వైపు సముద్రమంటే సినిమాలో చూసిందే. ఈతంటే నడుముకి బెండు కట్టుకుని వ్యవసాయ బావిలో దూకడమే!

"గా నీళ్ళల్ల ఏమున్నది బిడ్డా?" అంది మా అమ్మ. కాస్త ఆలోచించి, "పోతే పోయినవ్ గని, ఒక మంచి పగడం పట్కరా" అంది. ముప్పై దాటినా నా పెళ్ళి కుదరకపోవడానికి కుజుడే కారణమని ఆమె గట్టి నమ్మకం.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటలు. దిగిన ఊరు పోర్ట్‌బ్లెయిర్, 2024 నుంచి శ్రీవిజయపురం. అక్కడినుంచి ఓడలో హేవ్‌లాక్ దీవి. దానికీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మారింది గాని, పడవల రేవులో ఇంకా హేవ్‌లాకే!

మా పడవ నడిపిన అన్న తెలుగాయనే. "ఏ ఊరు బావూ మీది?" అని పలకరించేసరికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డాడట.

దూకే ముందు శిక్షకుడు చేతి సైగలు నేర్పాడు. బొటనవేలు పైకెత్తితే 'సూపర్' అని కాదండోయ్, 'పైకి పోదాం' అని! మార్నింగ్ షో చూసి బయటికొచ్చిన కుర్రాడిలా అలవాటుకొద్దీ బొటనవేలు చూపించారో, మీ ఆట అక్కడితో సరి. ఇంకో మాట మూడుసార్లు చెప్పాడు: ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ఊపిరి బిగబట్టి పైకి తేలితే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి. బావిలో నేను నేర్చిన విద్యంతా ఊపిరి బిగబట్టడమే! గుండె దడదడలాడింది.

దిగాను. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని గాలి ఊదడం, మళ్ళీ దిగడం. నా ఎర్ర బనీను ఐదారు మీటర్లకే మసిబారింది. నీళ్ళు ముందు మింగేసేది ఎరుపునే. శిక్షకుడు టార్చి వేశాడో లేదో, భగ్గున ఎరుపు తిరిగొచ్చింది! లైట్‌బాయ్ విలువ నాకు అక్కడ తెలిసింది.

పగడాలంటే రాళ్ళు కావు, ప్రాణులు. జింక కొమ్ముల్లా కొన్ని, మెదడులా కొన్ని, పెళ్ళి విందు బల్లల్లా కొన్ని. చిలుక చేపలు వాటిని కొరికే చప్పుడు స్పష్టంగా వినిపించింది, పక్కసీటువాడు మురుకులు నమిలినట్టు! అవి నమిలి విసర్జించిందే తెల్లటి ఇసుక. ఇక విదూషక చేపల కాపురం విచిత్రం. ఇంటి పెద్ద ఆడచేప. అది చస్తే పెద్ద మగచేపే ఆడచేపగా మారిపోతుంది. ఏ కథారచయితైనా ఈ మలుపు రాసి మెప్పించగలడా?

మలుపు తిరిగేసరికి రంగు పోయింది. బూజుపట్టిన ఎముకల గుట్టలా ఒక దిబ్బ. చేప ఒక్కటి లేదు.

పడవెక్కాక అన్నని అడిగాను. "2010లో నీరు వేడెక్కిపోనాది బావూ. తెల్లగా అయిపోనాయి. మళ్ళీ 2016లో. కొన్ని తేరుకున్నాయి, కొన్ని సచ్చిపోనాయి." పగడానికి రంగూ, తిండీ ఇచ్చేది దాని ఒంట్లో కాపురముండే నాచు. మామూలు వేసవికన్నా ఒక్క డిగ్రీ వేడి కొన్ని వారాలపాటు నిలిచిందా, పగడం ఆ నాచుని వెళ్ళగొట్టి పాలిపోతుంది. "మా అయ్య సేపలు పట్టి బతికాడు, నేను సేపలు సూపించి బతుకుతన్నాను. మా బుడ్డోడికి ఏటి మిగుల్తాదో!" అన్నాడాయన. నాకు జవాబు తోచలేదు.

అన్నట్టు, ఆ 1956 సినిమాలోనే చేపలు లెక్కపెట్టడానికి కూస్తో బృందం పగడపు దిబ్బ దగ్గర డైనమైటు పేల్చిన దృశ్యం ఉంది. ఇప్పుడు చూస్తే విలన్ సీనే! ఆయనే తర్వాత సముద్రాన్ని కాపాడమని లోకమంతా చాటాడనుకోండి.

అమ్మ పగడం సంగతా? నగల దుకాణం ఎర్ర పగడం వేరే జాతి, ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. ఇక్కడి దిబ్బలు కట్టే రాతి పగడాలకి 2001 నుంచి చట్టంలో పులితో సమానమైన రక్షణ. ఒక ముక్క జేబులో వేసుకున్నా నేరమే. నా కుజుడు ఇంకొన్నాళ్ళు ఆగాల్సిందే.

వెళ్ళేవాళ్ళకి: ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకుని దింపుతాడు, పన్నెండు మీటర్లు దాటనివ్వడు. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే ముందు డాక్టరుని అడగండి. రెండుసార్లు మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నేను ఆ గంటలు జంగ్లీఘాట్‌లో అన్న వాళ్ళింట్లో గడిపాను. వదినమ్మ చేపల పులుసు వడ్డిస్తూ, టీవీలో వస్తున్న తెలుగు సినిమాలో డైలాగు హీరోకన్నా ముందే చెప్పేస్తోంది!