పెట్టె నుంచి పెట్టెకు

డాక్టర్లకు కంప్యూటర్ గొడవ ఎందుకని మీరు నవ్వుకోవచ్చు. మా ఇద్దరికీ ఆ విద్య సరిగా రాదు, అవసరం వచ్చి నేర్చుకున్నదే. పిల్లల్ని చూడటానికి అమెరికా వచ్చే పెద్దవాళ్ళ కోసం మన సంఘం వెబ్‌సైటులో మందుల పట్టిక ఒకటి పెట్టాం గదా, ఈ తిప్పలన్నీ దానివే.

మొదటిసారి రాసినప్పుడు అందులో ఒక ముఖ్యమైన మాట వదిలేశాం. ఇండియాలో పారసెటమాల్ అనేదాన్నే ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. పేర్లు రెండు, మందు ఒకటే. సూట్‌కేసులో తెచ్చుకున్న 650 మిల్లీగ్రాముల మాత్ర, ఇక్కడ కొన్న 500 మాత్ర వేరువేరనుకుని రెండూ మింగుతూ పోతే రోజుకు 4 గ్రాములు దాటడం ఎంతసేపు? దాటితే దెబ్బ తినేది లివరు. ఆ హెచ్చరిక చేర్చి ఒక ఆదివారం రాత్రి గిట్‌ల్యాబ్‌కు పంపాం. పైప్‌లైన్‌లో అన్ని మెట్లకూ పచ్చ గుర్తు పడింది. నిశ్చింతగా పడుకున్నాం.

గురువారం ఒక మిత్రుల ఇంటికి వెళితే, వాళ్ళ అమ్మగారు జ్వరంతో ఉన్నారు. రెండు రకాల మాత్రలూ పూటకొకటి చొప్పున మూడు పూటలా వేసుకుంటున్నారట. "రెండూ జ్వరానికేనని మీరే రాశారు గదా బాబూ" అన్నారావిడ. లెక్క వేస్తే రోజుకు 3,450 మిల్లీగ్రాములు. హద్దు దాటలేదు గాని ఆ వయసుకు అది ఎక్కువే. వెంటనే ఒకటి మాన్పించాం. ఆవిడ ఫోనులో పేజీ తెరిచి చూస్తే, ఉన్నది పాత పట్టికే!

కారణం తేలడానికి రెండు రాత్రులు పట్టింది. మా పైప్‌లైన్‌లో ఒక్కొక్క పనికీ ఒక కొత్త కంటైనర్ తెరుచుకుంటుంది. పని కాగానే లోపల తయారైన ఫైళ్ళతో సహా అది పోతుంది. పేజీలు తయారయ్యేది ఒక పెట్టెలో, వాటిని సర్వరుకు ఎక్కించేది మరో పెట్టెలో. మధ్యలో ఫైళ్ళు అందించడానికి మేము క్యాష్‌ను నమ్ముకున్నాం (డబ్బు కాదు లెండి). అది ఉన్నది పని త్వరగా కావడానికి, మాటిమాటికీ లైబ్రరీలు దించుకోకుండా. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పైగా మామూలుగా అది రన్నర్ నడిచే యంత్రం మీదే ఉండిపోతుంది. మా రన్నర్లు రెండు యంత్రాల మీద ఉన్నాయి. ఆ రాత్రి తయారీ ఒకదానికి పడింది, ఎక్కింపు రెండోదానికి. ఆ రెండోదాంట్లో నెల నాటి పేజీలు ఉన్నాయి. వాటినే బుద్ధిగా ఎక్కించి పచ్చ గుర్తు వేసింది. అసలేమీ లేకపోతే ఎర్ర గుర్తు పడేది, మేమూ మేలుకునేవాళ్ళం. వార్డులోనూ అంతే. కేసు షీటులో రక్తపరీక్ష రిపోర్టు లేకపోతే ఎవరైనా అడుగుతారు. పోయిన వారానిది ఉంటే ఎవరూ అడగరు.

ఇప్పుడు తయారైన ఫోల్డరును ఆర్టిఫాక్టుగా ప్రకటించాం. అది గిట్‌ల్యాబ్ సర్వరుకే చేరుతుంది, తర్వాతి మెట్టులోని పని ఏ యంత్రం మీద నడిచినా దాన్ని అక్కడినుంచి దించుకుంటుంది. వారం తర్వాత చెరిగిపోయేలా గడువు పెట్టాం. క్యాష్‌లో లైబ్రరీలు మాత్రమే మిగిల్చాం. పేజీ అడుగున తయారైన తేదీ అచ్చయ్యే ఏర్పాటు కూడా చేశాం. ఇది ముందే తోచవలసింది.

కొత్త పేజీ ఎక్కిన సాయంత్రం ఆ అమ్మగారికి ఫోను చేసి, అడుగున తేదీ చదవమన్నాం. కళ్ళజోడు వెతుక్కుని వచ్చి, "ఇవాళ్టిదే బాబూ" అన్నారు.