తలుపు మీద స్టిక్కరు

పాత ఫ్లాట్ తలుపు మీద మాకో స్టిక్కరు ఉండేది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి సర్వే (అందరూ కులగణన అనే అన్నారు లెండి) చేసినప్పుడు అతికించింది. 6 నుంచి 8 దాకా ఇళ్ళ జాబితా, ఆ తర్వాత వివరాలు. స్టిక్కరైతే వచ్చింది గానీ వివరాలు అడిగేవాళ్ళు నాకు ఒక్కసారీ ఎదురుపడలేదు. మూడుసార్లు వచ్చారట. "ఆ సార్లు పొద్దున పోతే రాత్రికే వస్తరు మేడం" అని వాచ్‌మన్ పంపించేశాడు. ఉన్నమాటే చెప్పాడు పాపం.

వచ్చేవాళ్ళలో చాలామంది ప్రైమరీ స్కూలు టీచర్లు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. మధ్యాహ్నం మూడింటికి మా కాంప్లెక్సులో తలుపు తీసేదెవరు? తీసినా 75 దాకా వివరాలు, ఆస్తులూ అప్పులతో సహా. గేటు దగ్గర రిజిస్టరు, లిఫ్టు, ఎవరూ ఎవరికీ తెలియని ఆరు అంతస్తులు.

వరంగల్లో మా వీధి ఒక్క సాయంత్రంలో అయిపోయిందంది అమ్మ. వచ్చినావిడ పక్క బళ్ళో టీచరే. టీ ఇచ్చి, తాళం వేసున్న పక్కింటివాళ్ళు ఎప్పుడొస్తారో కూడా చెప్పిందట. "నువ్వక్కడ రాయించుకున్నవా బిడ్డా?" అంది. రాయించుకుంటాలే అన్నాను.

2014 ఆగస్టు 19న సర్వే దీనికి పూర్తిగా తిరకాసు. రాష్ట్రమంతా సెలవు, అన్నీ ఒక్కరోజులో. నేనప్పుడు ఇంటర్, హైదరాబాదులో హాస్టలు. ముందురోజే నాన్న వచ్చి తీసుకెళ్ళారు, బస్సులో వరంగల్ దాకా నిలబడే! మాలాంటివాళ్ళతో బస్టాండు కిటకిట. అలా హైదరాబాదులో ఉండేవాణ్ణి వరంగల్లో లెక్కకొచ్చాను. పదేళ్ళ తర్వాత ఎక్కడా రాలేదు.

2025 ఫిబ్రవరిలో లెక్కలు చెప్పారు. 96.9 శాతం అయింది, మిగిలిన 3.1 శాతం, అంటే సుమారు 16 లక్షలమంది, దొరకలేదు లేదా చెప్పలేదు. 97 శాతం అంటే మన టెస్ట్ కవరేజీ కన్నా మేలేగా అనిపిస్తుంది. కానీ ఆ మిగిలినవాళ్ళు అక్కడొకరు ఇక్కడొకరుగా ఉంటే కదా! డేటాలో ఖాళీ వరసలు తీసేసేముందు అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో చూడమని కొత్తగా చేరిన పిల్లలకి చెబుతుంటాం. ఇక్కడ తలుపు మూసి ఉండటానికీ, అద్దెకుండటానికీ, నిరుడే ఆ పేటకి రావడానికీ సంబంధం ఉంది.

శాంపిల్ సర్వేలకి ఇది ఇంకా చిక్కు. నేషనల్ శాంపిల్ సర్వేలో ఎంపికైన ఇల్లు దొరక్కపోతే బదులు ఇంకో ఇంటికి వెళ్ళే పద్ధతి ఉంది. మా అంతస్తులో నా బదులు దొరికేది ఎదురు ఫ్లాట్ రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు. సొంత ఇల్లు, పెన్షను, పదిహేనేళ్ళుగా అక్కడే. ఫారాల సంఖ్య సరిపోతుంది, నేను మాయం. మా పేట మొత్తానికి ఎక్కువ వెయిటేజీ ఇచ్చినా ఆయనే ఇద్దరవుతాడు తప్ప నేను రాను.

మిగిలినవాళ్ళకోసం ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్ళీ అవకాశం ఇచ్చారు. ఫోన్ చేస్తే ఇంటికే వస్తామన్నారు. కానీ ఏ ఇంటికి? ఓనరుగారబ్బాయి పెళ్ళని జనవరిలోనే ఖాళీ చేశాం. ఆరేళ్ళలో నాలుగో ఇల్లు. ఈ కొత్త ఇంటి తలుపు మీదా స్టిక్కరుంది, ముందున్నవాళ్ళది.

ఆ నెల్లో అమ్మ మళ్ళీ అడిగింది. "మా ఇంటికి స్టిక్కరుందమ్మా" అన్నాను.