అంజూర్ ఫాటాలో ఒక వేడినీళ్ల తొట్టి

భివండికి ఎప్పుడైనా వచ్చినవాళ్లకు అంజూర్ ఫాటా గురించి వేరే చెప్పనక్కర్లేదు. రానివాళ్ల కోసం నాలుగు మాటలు. మరాఠీలో 'ఫాటా' అంటే పెద్ద దారి నుంచి చీలే దారి. అంజూర్ అనే ఊరికి వెళ్లే దారి ఇక్కడ చీలుతుంది కనుక ఆ పేరు. వసై - దివా రైలు మార్గంలోని 'భివండి రోడ్' స్టేషన్ ఇక్కడికి దగ్గరే. రాత్రనక పగలనక కంటైనర్ లారీలు, వాటి సందుల్లోంచి దూరే ఆటోలు, పైన మెట్రో కోసం లేచిన స్తంభాలు. రోడ్డు దాటడానికి నిలబడితే మనకు తెలిసిన దేవుళ్లందరూ ఒక్కసారిగా గుర్తుకొస్తారు.

ఒకప్పుడు ఈ ఊరికి గుర్తు సాంచాల చప్పుడు. ఇప్పుడు దానికి గోదాములు తోడయ్యాయి. ఆ రెండు కాలాలూ మా ఇంట్లోనే ఉన్నాయి. మా బాపు నలభై ఏళ్లు సాంచాల ముందు నిలబడి బతికాడు. నేను ఒక గోదాములో కూర్చుని లెక్కలు రాసి బతుకుతున్నాను. బాపు పద్దెనిమిదేళ్ల వయసులో కరీంనగర్ జిల్లా నుంచి బట్టల మూటతో వచ్చాడు. మొదట కూలికి నడిపాడు, తరువాత రెండు సాంచాలు సొంతంగా కొన్నాడు. కామత్‌ఘర్, పద్మానగర్ వీధుల్లో ఇలాంటి కథ లేని పద్మశాలి ఇల్లు అరుదు. కనుక దాన్ని పొడిగించను.

నలభై ఏళ్లు నిలబడ్డ మోకాళ్లు ఊరికే ఉంటాయా? తెల్లవారుజామున లేవగానే బాపు గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే గాని కీళ్లు కదలవు. ఆయనకు తెలిసిన మందు ఒక్కటే - అక్లోలీ వేడినీళ్లు.

అంజూర్ ఫాటా నుంచి ఊరు దాటి, వాడా వెళ్లే రోడ్డు పట్టి, అంబాడీ నాకా దగ్గర తిరిగితే వజ్రేశ్వరి వస్తుంది. ఇంచుమించు 30 కిలోమీటర్లు. కొండ మీద వజ్రేశ్వరి అమ్మవారి గుడి, కోట గుమ్మంలాంటి ముఖద్వారం, 52 మెట్లు. పీష్వా తమ్ముడు చిమాజీ అప్పా 1739లో పోర్చుగీసు వాళ్ల నుంచి వసై కోట గెలుచుకున్నాక, మొక్కు చెల్లించడానికి కట్టించిన గుడి ఇది. ఆ దండయాత్రకు పూనుకొమ్మని పీష్వాలను ఒప్పించిన వాళ్లలో గంగాజీ నాయక్ అనే ఆయన మన అంజూర్ వాడేనని తెలిశాక, మా ఫాటా మీద నాకు గౌరవం పెరిగింది. లారీల రొదలో ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది!

గుడికి కాస్త దూరంలో, తాన్సా నది ఒడ్డున అక్లోలీ కుండాలు. ఇంకొంచెం ముందుకు పోతే నిత్యానంద స్వామి 1961లో సమాధి చెందిన గణేష్‌పురి, అక్కడా వేడినీటి కుండాలే. కొంకణ తీరం పొడవునా ఇలాంటి ఊటలు ఉన్నాయి. వాననీరు రాతి పగుళ్లలోంచి లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, మళ్లీ పైకి వస్తుంది. గంధకం వాసన కొడుతుంది. కుండంలో మోకాళ్ల దాకా దిగి కూర్చుంటే బాపు ముఖంలో పదేళ్లు తగ్గుతాయి.

అయితే గుంతల రోడ్డు మీద వెళ్లి రావడం రానురాను కష్టమైంది. వెళ్లేటప్పుడు తగ్గిన నొప్పి వచ్చేటప్పుడు రెట్టింపయ్యేది. సరిగ్గా అప్పుడే ఫాటా రోడ్డు మీద ఒక షాపు అద్దాల వెనక నాకు ఆ తొట్టి కనబడింది.

ఫైబర్ తొట్టి, 400 లీటర్లు, కింద హీటరు, పైన మూత. మా ఇంటి వెనక రేకుల కింద సరిగ్గా పడుతుంది. "ఒకసారి కాగితే మర్నాటి దాకా వెచ్చగా ఉంటుంది సార్, చుట్టూ 50 మిల్లీమీటర్ల ఫోమ్" అన్నాడు అమ్మే అబ్బాయి. కాగితంలోనూ అదే అచ్చువేసి ఉంది. ధర 52,000 రూపాయలు. బాపు తన రెండు సాంచాలను కిలోల లెక్కన తూచి పాత ఇనుము వాడికి అమ్మేసినప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. దాంట్లోంచే తీశాను. బాపు వద్దనలేదు. "సాంచాలు తిన్న మోకాళ్లకు సాంచాల పైసలే పెడుతున్నవ్. గదీ మంచిదే తియ్" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక, తొట్టి బాగుండకపోతే నా గతి ఏమిటన్న భయం పట్టుకుంది.

భయం నిజమే అయింది. జనవరి చలి. రాత్రి తొమ్మిదికి నీళ్లు 40 డిగ్రీలకు కాచి, మూత వేసి, స్విచ్ కట్టేసి పడుకున్నాం. తెల్లవారి ఐదింటికి బాపు కాలు పెట్టి చటుక్కున వెనక్కి తీశాడు. "సల్లగైనయ్ బిడ్డా!" థర్మామీటరు 32 చూపించింది.

ఆ ఎనిమిది డిగ్రీలు మళ్లీ ఎక్కించాలంటే 400 లీటర్లకు మూడున్నర యూనిట్లకు పైనే కరెంటు కాలుతుంది, దాదాపు రెండు గంటలు పడుతుంది. పోనీ రాత్రంతా హీటరు వేసి ఉంచుదామంటే మీటరు నిద్రపోదు. నెలాఖరు బిల్లు చూసి మా ఆవిడ నోట మాట రాలేదు. అది ఇంకా భయంకరం.

షాపుకు ఫోన్ చేశాను. "కొత్త తొట్టి కదా, రెండు వారాల్లో సర్దుకుంటుంది" అన్నాడు యజమాని. రెండు వారాలయ్యాక "చలికాలం కదా" అన్నాడు. స్వయంగా వెళితే "మీ ఇంట్లో ఓల్టేజీ తక్కువేమో" అన్నాడు. నీళ్లు చల్లారడానికి ఓల్టేజీకి సంబంధమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. లోపల ఉడుకుతూ, పైకి తల ఊపుతూ ఇంటికి వచ్చేశాను. మా ఇంట్లో చల్లారకుండా ఉన్నది ఆ ఉడుకు ఒక్కటే.

గుట్టు కనిపెట్టింది బాపే. ఒకనాడు పొద్దున ఆ మోకాళ్లతోనే కింద కూర్చుని, తొట్టి అడుగున పక్క రేకు సందులోంచి చెయ్యి పెట్టి తడిమాడు. లోపలి తొట్టికీ బయటి రేకుకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. ఫోమ్ అన్నది పైన అంచు దగ్గర మాత్రమే, అదీ వేలు మందం. అడుగున సందు తెరిచే ఉంది, చల్లగాలి కింద దూరి పైకి పోతోంది. మూతలోని స్పాంజి ఆవిరిని పీల్చుకుని తడిబట్టలా బరువెక్కింది.

"చూడు కొడుకా, బొంత ఎందుకు ఎచ్చగుంటది? దూదిల ఏడి ఉంటదా? దూది సందుల గాలి ఆగుతది, గందుకు. గీంట్ల గాలి ఆగుతలేదు, ఉరుకుతున్నది" అన్నాడు. ఇన్సులేషన్ గురించి ఇంతకంటే సులువుగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. థర్మోకోల్ అయినా, ఫోమ్ అయినా, మన అమ్మమ్మల బొంత అయినా చేసే పని ఒక్కటే - గాలిని చిన్నచిన్న అరల్లో కదలకుండా పట్టి ఉంచడం. కదిలే గాలి వేడిని మోసుకుపోతుంది. నీటి పైభాగం నుంచి లేచే ఆవిరి ఇంకా ఎక్కువ మోసుకుపోతుంది. కనుక మూత సరిగా లేని తొట్టి, తలుపు తెరిచి పెట్టిన ఇల్లే.

ఆ రోజు నుంచి బాపు ఒక నోటుబుక్కు పెట్టాడు. రాత్రి ఎంత, పొద్దున ఎంత, మీటరు ఎంత - వారం రోజులు తెలుగు అంకెల్లో రాశాడు. ఎనిమిదో రోజు తెల్ల చొక్కా వేసుకుని "నడువ్, ఫాటాకు పోదాం" అన్నాడు.

షాపులో ఆయన అరవలేదు. నాలుగు దశాబ్దాలు సేఠ్‌లతో మాట్లాడిన హిందీలో నెమ్మదిగా మొదలుపెట్టాడు. జేబులోంచి ఒక గుడ్డ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మగ్గం దిగిన కోరా బట్ట. "చేత్తో పట్టి చూడు సేఠ్, ఎట్లుంది?" యజమాని పట్టి చూసి "దళసరిగా ఉంది, మంచి బట్ట" అన్నాడు. బాపు దాన్ని రెండు చేతుల మధ్య నలిపాడు. తెల్లటి పొడి రాలింది. మిగిలిన బట్ట దోమతెరలా పల్చనైంది.

"పోగు తక్కువ, గంజి ఎక్కువ. నీ తొట్టి కూడా గంతే. పైకి దళసరి, లోపల గంజి" అన్నాడు. తరువాత నోటుబుక్కు తెరిచాడు. "నా బట్టల ఒక్క పోగు తెగితే డ్యామేజీ అని సేఠ్ నా కూలిల కోసిండు. నలభై ఏండ్లు కోసిండు. నేను కాదనలేదు, తప్పు నాది కాబట్టి. ఇయ్యాల తప్పు నీది. ఎంత కోయాల్నో నువ్వే చెప్పు."

షాపులో ఉన్న మరో ఇద్దరు కొనుగోలుదార్లు మాటలు ఆపేశారు. యజమాని ముఖం ఎర్రబడింది. కాసేపటికి కుర్చీ లాగి బాపును కూర్చోమన్నాడు. తన తండ్రికీ ఒకప్పుడు సాంచాలుండేవట. తొట్లు తాను తయారుచేయడు, ఎక్కడినుంచో వచ్చిన డబ్బాలను విప్పి అమ్ముతాడు, లోపల ఏముందో తానూ చూడలేదు. అది నిజమే కావచ్చు. "కానీ అచ్చులో ఉన్న 50 మిల్లీమీటర్లకు నువ్వు పైసలు తీసుకున్నవ్ గద" అన్నాడు బాపు. ఆయన దగ్గర జవాబు లేదు.

అప్పుడు నేను తెచ్చిన ఉత్తరం బయటికి తీశాను. బిల్లు నంబరు, తేదీ, కాగితంలో ఉన్న మాట, లోపల నిజంగా ఉన్నది, వారం రోజుల లెక్క, మాకు ఏం కావాలో - అన్నీ ఒక పేజీలో. నకలు మీద అందినట్టు సంతకం చేయించుకున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న చోటే కాదు, మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు రుసుము లేదు. ఊరు విడిచి ఊరు తిరిగే మనలాంటి వాళ్లకు ఇది ఎంత మేలో! అంతదాకా పోకముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకునే వీలూ ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

పది రోజుల్లో మనిషి వచ్చాడు. పక్క రేకులు విప్పి ఖాళీ నిండా ఫోమ్ పలకలు కూరి, అడుగు సందు మూసి, మూత మార్చి వెళ్లాడు. కరెంటు నష్టం కింద యజమాని 2,000 రూపాయలు ఇచ్చాడు. బాపు లెక్కపెట్టి తీసుకుని, తనకు వచ్చిన ఒక్క తెలుగు సంతకంతో రసీదు రాసిచ్చాడు. జీవితంలో మొదటిసారి డ్యామేజీ కోత ఎదుటివాడికి పడింది. ఇంటికొస్తూ ఆటోలో ఆయన ఏమీ మాట్లాడలేదు గానీ, ఆ 2,000 ఉన్న జేబు మీద చెయ్యి తీయలేదు.

ఇప్పుడు రాత్రి 40 డిగ్రీలు ఉంటే తెల్లవారి 37 ఉంటోంది. బాపు మోకాళ్లు మునిగేలా కూర్చుని, పావుగంట కళ్లు మూసుకుంటాడు. మోకాళ్లు కొత్తవి కాలేదు. గోడ పట్టుకోవడం మాత్రం తగ్గింది.

మీలో ఎవరైనా ఇలాంటిది కొనబోతుంటే, పక్క రేకు విప్పించి లోపల చెయ్యి పెట్టి చూడండి. మూత ఎత్తి బరువూ మందమూ చూడండి. చెప్పిన మాటలన్నీ బిల్లు మీద రాయించుకోండి. నీళ్లు, కరెంటు ఒకచోట చేరుతాయి కనుక ఎర్తింగ్ తప్పనిసరి. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లను డాక్టరును అడిగే దించండి. అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడడం రాని నాలాంటి వాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి.

మొన్న పండక్కి వజ్రేశ్వరి వెళ్లాం. 52 మెట్లూ బాపు ఆగి ఆగి ఎక్కాడు. తరువాత అక్లోలీ కుండంలో కాళ్లు పెట్టి కూర్చుని, "ఎన్నైనా చెప్పు బిడ్డా, గీ నీళ్లకు మీటరు లేదు, గ్యారంటీ కాయితం లేదు, ఎన్నడూ సల్లగైతలేవు" అన్నాడు. అవునన్నాను. మీరు ఇటువైపు వస్తే తప్పకుండా అక్లోలీ చూడండి. తిరిగి వెళ్లేటప్పుడు అంజూర్ ఫాటాలో దిగితే మా ఇంటికి రండి. టీ వేడిగా ఉంటుంది. తొట్టి కూడా.