కూత మిగలాలి

మార్గిట్ చేతిలో అది పదిహేడో చావు.

ఏలూరులో ఓ మేడమీది వాటా. రాత్రి పదిన్నర దాటింది. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. వెనక మంచమ్మీద తాతయ్య. డెబ్భై రెండేళ్లు. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి. నిద్ర పట్టక మనవడి యుద్ధమంతా చూస్తున్నారు.

''ఆ పచ్చ గీత ఏంట్రా? నువ్వు చచ్చే ముందు ప్రతిసారీ అదే ఖాళీ అవుతోంది!''

కుర్రాడు వెనక్కి తిరిగాడు. పదిహేడుసార్లూ వాడు చూసింది పైనున్న ఎర్ర గీతనే. అది ప్రాణం. పచ్చది స్టామినా... అదే, దమ్ము.

ఆట పేరు 'ఎల్డెన్ రింగ్'. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. దర్శకుడు హిదెటకా మియజాకి. ఈయన ఆటలంటేనే ఆడేవాళ్లకు ఓ పక్క మోజు, మరో పక్క హడల్. కత్తి దూసినా, డాలుతో దెబ్బ కాచుకున్నా, పక్కకు దొర్లి తప్పుకున్నా పచ్చ గీత తరుగుతుంది. కాసేపు ఊరకుంటే దానంతటదే నిండుతుంది. పూర్తిగా అయిపోతే మాత్రం వీరుడు నిలువుగుడ్లేసుకుని చూడాల్సిందే! కత్తి లేవదు, దొర్లడం కుదరదు. ఆ క్షణం కోసమే కాచుకుని ఉంటాడు మార్గిట్. స్టార్మ్‌వీల్ కోట వాకిట్లో కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడే ముసలి రాక్షసుడు. కర్ర పైకెత్తుతాడు, కొట్టడు. ఆగుతాడు. కంగారుపడి ముందే రెండుసార్లు దొర్లిన కుర్రాడి దమ్ము అయిపోయాక, అప్పుడు తీరిగ్గా కొడతాడు.

''చెడుగుడులో కూతకెళ్లినవాడు ముగ్గుర్ని ముట్టుకున్నా లాభం లేదురా. గీత దాటి ఇవతలికొచ్చేదాకా కూత మిగలాలి. నువ్వు మొత్తం అక్కడే తగలేస్తున్నావు'' అన్నారు మాస్టారు.

''తాతయ్యా, నువ్వుండు. ఇది కబడ్డీ కాదు'' అన్నాడు వాడు విసుగ్గా. కానీ పద్దెనిమిదోసారి నాలుగు దెబ్బలు కొట్టే చోట రెండే కొట్టి వెనక్కొచ్చాడు. అంతకుముందు కంటే ఎక్కువసేపు బతికాడు.

కుర్రాడు ఆడుతున్న పద్ధతి కొత్తవాళ్లందరిదీ. శత్రువుల్ని చంపితే వచ్చే 'రూన్'లతో ఈ ఆటలో ఎనిమిది గుణాలు పెంచుకోవచ్చు. వీడు దొరికిందంతా బలానికే పోశాడు. పెద్ద కత్తి, బరువైన కవచం! మోయగలిగిన దాంట్లో 70 శాతం లోపు బరువుంటే మనిషి మామూలుగా దొర్లుతాడు. దాటితే బియ్యం బస్తా పడ్డట్టు పడతాడు. వీడు దాటి చాలా రోజులైంది. 'ఎండ్యూరెన్స్' అనే గుణం పెంచితే దమ్మూ పెరుగుతుంది, మోసే శక్తీ పెరుగుతుంది. అయితే ఒక్కో మెట్టుకూ పెరిగేది పిసరంతే. నాలుగు రూన్లు పోసి రేపటికల్లా తేడా కనిపించాలంటే కుదరదు. ఈలోపు ఖర్చు తగ్గించుకోవడమే దారి.

కవచంలో భారీ ముక్కలు రెండు తీసేశాడు. పెద్ద కత్తి పక్కనబెట్టి తేలికపాటిది పట్టుకున్నాడు. ఇంకో అలవాటు వదలడానికే వారం పట్టింది. డాలు ఎత్తి పట్టుకున్నంతసేపూ పచ్చ గీత నెమ్మదిగా నిండుతుంది. భయం కొద్దీ వీడు డాలు దించేవాడే కాదు. శత్రువు దూరంగా ఉన్నప్పుడు దించాలని నేర్చుకున్నాడు. భయపడేవాడికి ఇది చెప్పినంత తేలిక కాదు. సమ్మన్‌వాటర్ ఊళ్లో నేలమాళిగలో ఆకుపచ్చ తాబేలు తాయెత్తు ఒకటుంది. కట్టుకుంటే దమ్ము త్వరగా నిండుతుంది. దానికోసం రాతి కత్తి తాళంచెవి వెతికి మరీ తెచ్చుకున్నాడు. ''తాబేలేంట్రా, కుందేలు కాకుండా?'' అని నవ్వారు మాస్టారు.

ఆయన నవ్వితే ఇప్పుడు దగ్గొస్తోంది. సంక్రాంతి ముందు గుండెకు స్టెంటు వేశారు. మేడమెట్లు ఇరవై రెండు. మధ్యలో ఆగి ఎక్కమన్నారు డాక్టరుగారు. మాస్టారు ఆగరు. కింది వాటావాళ్లు చూస్తారని! ఒకప్పుడు పిల్లల్ని గ్రౌండు చుట్టూ పది రౌండ్లు తిప్పిన మనిషి మెట్లమీద చతికిలబడితే ఏం బావుంటుంది? ఒక్క ఊపున ఎక్కేసి, పైకొచ్చాక తలుపు పట్టుకుని పావుగంట మాట్లాడకుండా నిలబడతారు. అమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది.

ఓ సాయంత్రం అలాగే నిలబడి ఉంటే కుర్రాడు చూశాడు. మంచినీళ్లు అందించాడు. ''పచ్చ గీత అయిపోయింది తాతయ్యా'' అన్నాడు మెల్లగా. మాస్టారు ఏమీ అనలేదు. కోపం వచ్చిందనే అనుకున్నాడు వాడు. ఆ రాత్రి ఆట చూడ్డానికి కూడా రాలేదాయన.

మార్గిట్ ఓ ఆదివారం రాత్రి పడిపోయాడు. లెక్క ముప్ఫై దాటింది. చివర్లో వాడు బంగారు సుత్తి ఎత్తినప్పుడు పచ్చ గీతలో ఒక్క దొర్లుడుకు సరిపడా మిగిలింది, అంతే. కుర్రాడు అరవబోయి నోరు మూసుకున్నాడు. పక్క గదిలోంచి మాస్టారి గురక వినిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి. రక్తపరీక్ష, ఈసీజీ, మందుల చీటీ... ఆ హడావుడిలో చెప్పడం కుదరలేదు. తిరిగొచ్చేసరికి ఎండ మండుతోంది. మాస్టారు ముందు, మందుల సంచీతో మనవడు వెనక. పదకొండో మెట్టు దగ్గర ఆయన ఆగారు. పిట్టగోడమీద చెయ్యి వేశారు.

కింది వాటాయన చూడనే చూశాడు. ''ఏం మాస్టారూ, ఆగిపోయారు?''

''దమ్ము తీసుకుంటున్నానండీ. ఇంకా పదకొండున్నాయి'' అన్నారు మాస్టారు.

వెనక్కి తిరిగి మనవణ్ని చూశారు. ''ఇంతకీ కోటలోకి వెళ్లావా, లేదా?''

''రాత్రే వెళ్లాను తాతయ్యా. లోపల ఇంకొకడున్నాడు.''