పొగయు నిప్పును

కొండపై పొగ గనబడగా నచట నిప్పున్నదని యెరుంగుటను తార్కికులు అనుమానమందురు. పొగయు నిప్పును గూడియుండుటను వారు ముందుగా వంటయింట జూచియుందురు. ఆ నియతసంబంధమునకు వ్యాప్తియని పేరు. వాడుకలో అనుమానమన్నచో శంకయే. కథలు చదువువారికి రెండర్థములును గావలయును.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడినది. గోపాలరావు నడిరేయి దాటిన పిదప నిల్లు చేరును. భార్య కమలిని గదిలో లేదు. నౌకరు రాముని కోపముతో నొక గ్రుద్దు గ్రుద్ది, వెంటనే నొచ్చుకొని వానిని లేవనెత్తును. ఇతడు క్రూరుడు కాడనియు, కోపము నాపుకొనలేనివాడనియు నీ రెండు చేష్టలచేతనే తెలిసికొంటిమి. ఇంతవరకు మా యూహ తప్పలేదు.

కమలిని విషయముననే మోసపోతిమి. మగడు పది దినములుగా చెప్పుచున్న సభల మాట కల్లయని తెలిసినదనియు, తానింట లేకున్న నాతనికి అసత్యమాడు నవసరముండదనియు, కావున పుట్టింటికి పోవుచున్నాననియు నామె ఉత్తరము వ్రాసి పెట్టినది. దానిని చదివి ‘పాపము, సాధ్వి! కోపించుటయైన నెరుంగదు’ అని మేము జాలిపడితిమి. తుదకు మంచము క్రిందనుండి యామె నవ్వు వినబడగా సంతోషించితిమే కాని, మా తీర్పును మార్చుకొనలేదు.

కొన్నేండ్లకు మా మేనత్తగారు చత్వారముచే చదువజాలక, ఆ కథను మాచేత చదివించుకొనిరి. ఉత్తరము ముగియకమునుపే నవ్విరి.

“అణకువేమిట్రా, నీ మొహం! మొగుణ్ణి ‘అయ్యా’ అని పిలిచిందంటే అక్కడే తెలియటంలా? నిజంగా వెళ్ళేది అంత తీరిగ్గా రాస్తుందా? అతగాడేమంటాడో విందామని రాసింది.”

మేము నిరుత్తరులమైతిమి. పలుమారులు చదివినవారము మేము. ఒక్కమారు విన్నది ఆమె. ఆధారములన్నియు కథలోనే యున్నవి. లోపము మా వంటయింటి వ్యాప్తిలోనున్నది. స్త్రీలు మాటాడకున్నచో సమ్మతించినారని మా యింట మేమెంచుచుంటిమి. ఆ లెక్కనే కమలినికిని గట్టితిమి.

ఆ దినములలో మేమును రాత్రులు ప్రొద్దుపోయి యిల్లు చేరుచుంటిమి. (మావి నిజముగా సభలే.) మా గృహిణి తలుపు తీసి, మారుమాటాడక వడ్డించెడిది. మా సంసారమున కలహమే లేదని స్నేహితులతో గొప్పగా జెప్పుకొంటిమి కూడ. కథ చదివిన మరునాటి రాత్రి, విస్తరి ముందు గూర్చుండి, “నీకు కోపముగా నున్నదా?” యని యడిగితిమి.

ఆమె కొంతసేపు మా ముఖము జూచినది.

“ఇన్నేళ్ళకా అడిగారు!” అని, పులుసుగిన్నె మా దిక్కునకు జరిపినది.